విజయవాడ ఎండలో బొమ్మ వేయడం: వెలుతురును బట్టి రంగు పట్టుకునే పద్ధతి

మిరపకాయ ఎరుపు, వేపాకు ఆకుపచ్చ, ప్రకాశం బ్యారేజీ సిమెంటు బూడిదరంగు. ఇవన్నీ మనకు ముందే తెలిసిన రంగులు. బయట కూర్చుని బొమ్మ వేసేవాళ్ళకు మొదట అడ్డొచ్చేవి కూడా ఇవే. ఉదయం ఏడింటికి సీతానగరం ఒడ్డు నుంచి చూస్తే, ఎండ తగిలిన వైపు బ్యారేజీ స్తంభాలు లేత నారింజలో, నీడ వైపు ఊదా కలిసిన నీలంలో కనిపిస్తాయి. సిమెంటు బూడిదరంగు ఎక్కడా ఉండదు. పదకొండింటికి అవే స్తంభాలు తెల్లబారిపోతాయి. కాబట్టి మనం వేయాల్సింది స్తంభం రంగు కాదు, ఆ గంటలో దాని మీద పడిన వెలుతురు రంగు. ఈ పద్ధతి మొత్తం ఆ ఒక్క తేడా కంటికి అలవాటు చేయడానికే.

ఇక్కడ చెప్పేదంతా నీటి రంగులను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను. ఆక్రిలిక్, ఆయిల్ వేసేవాళ్ళకు సామాను మారుతుంది కానీ చూసే తీరు మారదు.

మొదటి మెట్టు: ఏ గంటకు వెళ్ళాలి

యూరప్ వాళ్ళు రాసిన పుస్తకాలు చదివి, పొద్దున్నే బంగారు వెలుతురు రెండు గంటలు ఉంటుందనుకుని వెళ్తే విజయవాడలో నిరాశే. మన ఊరు దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా పాకుతూ రాడు, నిటారుగా లేస్తాడు. మార్చిలో అయితే పొద్దు పొడిచిన గంటకే 14 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. అదే రోజు, అదే గంటలో లండన్‌లో చేరేది 9 డిగ్రీలే. కాబట్టి మనకు పసుపు, నారింజ వెలుతురు దొరికేది సుమారు నలభై, యాభై నిమిషాలు. ఆ తరువాత ఎండ తెల్లబడుతుంది.

మే మొదటి వారంలో, మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పుడు నీడలు వస్తువు కిందకే ముడుచుకుపోతాయి, గోడలకు వెలుగు వైపు, నీడ వైపు అనేది ఉండదు. డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, నీడలు పొడుగ్గా పడతాయి. అందుకే నేర్చుకునేవాళ్ళకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. పొద్దున ఏడు నుంచి తొమ్మిదిన్నర, సాయంత్రం మూడున్నర నుంచి ఐదున్నర. ఏప్రిల్, మే నెలల్లో అయితే ఆరింటికే కూర్చుని ఎనిమిదికల్లా లేచిపోవాలి. ఆ ఎండలో తొమ్మిది తరువాత పట్టుదలకు పోవడం కళాభిమానం కాదు, వడదెబ్బ కొనితెచ్చుకోవడం.

మబ్బు రోజు పనికిరాదని అనుకోకండి. ఆ రోజు వెలుతురు అన్ని వైపుల నుంచీ సమంగా వస్తుంది, గంటలు గడిచినా పెద్దగా మారదు. రంగులు ఎండలో కంటే చిక్కగా కనిపిస్తాయి. వాన వెలిసిన వెంటనే ఏలూరు కాలవ గట్టు మీద చెట్ల ఆకుపచ్చ చూడండి, తెలుస్తుంది.

రెండో మెట్టు: సంచిలో ఏముండాలి

తక్కువ సామాను, చిన్న కాగితం. 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే మందపాటి) నీటిరంగుల కాగితం తీసుకుని, 22×30 అంగుళాల పూర్తి షీటును ఎనిమిది ముక్కలు చేయండి. ఒక్కో ముక్క 7.5×11 అంగుళాలు వస్తుంది. వెలుతురు మారేలోపు నింపగలిగేది అంతే. పెద్ద షీటు పెట్టుకుంటే ఆకాశం అయ్యేసరికి నీడలు అటు నుంచి ఇటు మారిపోతాయి.

రంగులు ఏడు చాలు: లెమన్ ఎల్లో (నిమ్మ పసుపు), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), వెర్మిలియన్ లేదా స్కార్లెట్ (నారింజ వైపు ఎరుపు), క్రిమ్సన్ (ఊదా వైపు ఎరుపు), అల్ట్రామెరీన్ (ఊదా వైపు నీలం), ప్రష్యన్ బ్లూ (ఆకుపచ్చ వైపు ముదురు నీలం). క్రిమ్సన్ కొనేటప్పుడు పర్మనెంట్ అని ఉన్నది చూసుకోండి. పాత రకం అలిజరిన్ క్రిమ్సన్ వెలుతురుకు వెలిసిపోతుంది. నలుపు ట్యూబు ఇంట్లో వదిలేయండి. దగ్గర ఉంటే చేయి నీడలకు దాని దగ్గరికే పోతుంది. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెన్నా కలిపితే నలుపుకు దగ్గరగా ఎంత ముదురైనా వస్తుంది, పైగా దాన్ని నీలం వైపుకో గోధుమ వైపుకో వంచుకోవచ్చు.

పది లేదా పన్నెండు నంబరు గుండ్రటి కుంచె ఒకటి, అంగుళం బద్ద కుంచె ఒకటి. ప్యాడ్‌కు క్లిప్పులు నాలుగు, ఎందుకంటే కృష్ణ ఒడ్డున సాయంత్రం గాలి ఊరుకోదు. మాస్కింగ్ టేప్, పాత బనీను గుడ్డ, మడత కుర్చీ, బొమ్మకు వేరుగా తాగడానికి వేరుగా నీళ్ళు. కాలవ నీళ్ళు ముంచుకోవచ్చులే అనుకోవద్దు, ఒండ్రు ప్యాలెట్‌లో (రంగులు కలిపే పళ్ళెంలో) దిగి పసుపును పాడు చేస్తుంది.

ఇంకొక్కటి తప్పనిసరి. పోస్ట్‌కార్డు సైజు అట్ట ముక్కకు మామూలు బూడిదరంగు పూసి, మధ్యలో వేలు దూరేంత కన్నం చేయండి. సంచిలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఇదే. ఎందుకో కింద చెబుతాను.

మూడో మెట్టు: ముందు మేడ మీద, అగరుబత్తి పెట్టెలతో

నేరుగా బ్యారేజీకి వెళ్ళొద్దు. అమెరికాలో చార్లెస్ హాథోర్న్ అనే చిత్రకారుడు 1899లో ప్రావిన్స్‌టౌన్ అనే సముద్రతీరపు ఊళ్ళో ఆరుబయట చిత్రకళ నేర్పే బడి పెట్టాడు. విద్యార్థులు కళ్ళూ ముక్కూ చెక్కుతూ కూర్చోకుండా, కుంచెకు బదులు పుట్టీ కత్తి చేతికిచ్చి పెద్ద పెద్ద రంగు ముద్దలుగా వేయించేవాడు. ఆయన శిష్యుడు హెన్రీ హెన్షే దాన్ని ఇంకా సులువు చేసి, రంగు వేసిన చెక్క దిమ్మెలను ఎండలో పెట్టి వేయమనేవాడు. దిమ్మెకు ఆకారం అంటూ ఏముంది? మూడు పలకలు. గీతతో పేచీ ఉండదు, కంటికి రంగు ఒక్కటే మిగులుతుంది.

మనకు చెక్క దిమ్మెలు అక్కర్లేదు. ఖాళీ అగరుబత్తి పెట్టెలు, అగ్గిపెట్టెల కట్టలు తీసుకుని తెలుపు, పసుపు, ఎరుపు, నీలం కాగితాలు అంటించండి. మేడ మీద ఒక పాత తెల్ల దుప్పటి పరిచి, పెట్టెల మీద ఎండ పక్క నుంచి పడేటట్టు పెట్టండి. ఇప్పుడు ఈ వరసలో చేయండి.

తెల్ల పెట్టెతో మొదలుపెట్టండి. ఎండ తగిలే పలక, నీడ పలక, దుప్పటి మీద పడిన నీడ: మూడూ "తెలుపే" అని మెదడు చెబుతుంది. అట్టను చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, కన్నంలోంచి ఒక్కో పలకనే చూడండి. చుట్టూ ఉన్నవి కనిపించకపోయేసరికి అసలు రంగు బయటపడుతుంది. ఎండ పలక లేత పసుపు. దుప్పటి మీద నీడ నీలం. నీడ పలక కింది భాగం, దుప్పటి నుంచి ఎగసిన వెలుతురు తగిలి, పై భాగం కంటే లేతగా, వెచ్చగా ఉంటుంది.

దీని వెనక కారణం తెలిస్తే కన్ను త్వరగా నమ్ముతుంది. సూర్యుడి వెలుతురు గాలిలోంచి వచ్చేటప్పుడు అందులోని నీలం ఎక్కువగా చెదిరి ఆకాశమంతా పరుచుకుంటుంది. నేరుగా వచ్చే ఎండలో పసుపు, ఎరుపు పాళ్ళు మిగులుతాయి. సూర్యుడు కిందికి ఉన్నకొద్దీ అది దాటాల్సిన గాలి ఎక్కువ, కాబట్టి ఇంకా ఎర్రబడుతుంది. ఎండ తగలని చోటు చీకటి కాదు, దాన్ని వెలిగించేది ఆ నీలాకాశం. నీడలు నీలంగా ఉండటం చిత్రకారుల ముచ్చట కాదు, అక్కడ నిజంగానే నీలం వెలుతురు పడుతోంది. మన మెదడు దాన్ని సర్దేసి తెల్ల దుప్పటిని అన్ని వేళలా తెల్లగానే చూపిస్తుంది. ఫోను కెమెరా కూడా అదే పని చేస్తుంది. అందుకే ఫొటో తీసుకుని ఇంట్లో వేసిన సాయంకాలాలు చప్పగా ఉంటాయి.

తరువాత పసుపు పెట్టె. నీడ వైపు పసుపుకు నలుపు కలిపితే పాచి రంగు వస్తుంది. ఎల్లో ఆకర్‌లో కాస్త బర్న్ట్ సియెన్నా, చిటికెడు క్రిమ్సన్ వేసి చూడండి. ఎర్ర పెట్టెకు ఎండ వైపు వెర్మిలియన్, నీడ వైపు క్రిమ్సన్‌లో అల్ట్రామెరీన్. ఎర్ర పెట్టె పక్కనే తెల్ల పెట్టె పెడితే తెలుపు నీడ పలకలోకి గులాబీ ఛాయ పాకుతుంది. ఆ ఛాయ కనిపించిన రోజు మీరు బయటికి వెళ్ళడానికి సిద్ధమైనట్టు. అవే పెట్టెలను పొద్దున ఏడింటికి, పదకొండింటికి, సాయంత్రం ఐదింటికి వేసి, మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకోండి. ఏ కాగితం ఏ పూటదో పేరు రాయకపోయినా ఇంట్లోవాళ్ళు చెప్పగలిగితే వెలుతురు మీ చేతికి చిక్కినట్టే.

నాలుగో మెట్టు: చోటు, కూర్చునే దిక్కు

విజయవాడలో దిక్కులు సులువు. నది పడమటి నుంచి తూర్పుకు పోతుంది, 1957లో కట్టిన బ్యారేజీ ఉత్తరాన ఇంద్రకీలాద్రి దగ్గర నుంచి దక్షిణాన సీతానగరం దాకా 1,200 మీటర్లు పైగా అడ్డంగా ఉంటుంది. సీతానగరం ఒడ్డున ఉత్తరానికి తిరిగి కూర్చుంటే పొద్దుటి ఎండ కుడి పక్క నుంచి, సాయంత్రం ఎండ ఎడమ పక్క నుంచి కొండ మీద పడుతుంది. పక్క వెలుతురు కాబట్టి కొండ మడతలు విడివిడిగా తెలుస్తాయి, రంగు తేడా బాగా దొరుకుతుంది. మొదటి బొమ్మలకు ఇదే నా ఓటు.

భవానీపురం వైపు పున్నమి ఘాట్‌లో పడమటికి తిరిగితే సాయంత్రం అంతా ఎదురు వెలుతురు. భవానీ ద్వీపం, పడవలు, మనుషులు అందరూ ముదురు ఆకారాలుగా మారిపోతారు. చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది, వేయడానికి కష్టం. సూర్యుడి వైపు చూసిన కంటికి కాగితం మీద కాసేపు ఏదీ సరిగా కనిపించదు. అదే ఘాట్‌లో వెనక్కి తిరిగి తూర్పుకు కూర్చోండి, సాయంత్రపు ఎండ ఇంద్రకీలాద్రి రాళ్ళ మీద పడి నారింజ ఎక్కుతుంది. జనం సూర్యాస్తమయం ఫొటోలు తీసుకుంటారు, మీ దారికి ఎవరూ అడ్డు రారు.

కాలవల సంగతి వేరు. బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ ఊరి మధ్య నుంచే పోతున్నాయి కాబట్టి నడిచి వెళ్ళి వేయొచ్చు. చెట్టు నీడలో ఎండపొడ పడే చోట్లు అక్కడ బోలెడు. బ్యారేజీ రోడ్డు మీద మాత్రం కూర్చోవద్దు, అక్కడ ట్రాఫిక్‌లో ఈజిల్ (బొమ్మ నిలబెట్టే స్టాండు) పెడితే టెన్షన్ తప్ప బొమ్మ రాదు.

ఎక్కడ కూర్చున్నా కాగితం మీద ఎండ పడకూడదు. ఇది గట్టి నియమం. ఎండలో తెల్ల కాగితం ఎంత మెరుస్తుందంటే మీరు వేసే ప్రతి రంగూ వెలిగిపోతున్నట్టు కనిపిస్తుంది. దాంతో ముదురుగా కలుపుతూ పోతారు, ఇంటికొచ్చి చూస్తే అంతా మసి. గొడుగు వేసుకుంటే తెలుపో నలుపో వేసుకోండి. ఎర్ర గొడుగు కింద వేసిన నీలాలన్నీ ఎరుపు కలిసినట్టు కనిపిస్తాయి, మీరు దాన్ని సరిదిద్దబోయి పచ్చగా చేస్తారు. చొక్కా కూడా అంతే. ముదురు ఎరుపు, పచ్చ చొక్కాలు కాగితం మీదికి రంగు విసురుతాయి.

అయిదో మెట్టు: రంగు ముట్టకముందు అయిదు నిమిషాలు

కళ్ళు చికిలించి చూడండి. చిన్న వివరాలు పోయి రెండే ముక్కలు మిగులుతాయి: ఎండ, నీడ. అగ్గిపెట్టె సైజు చతురస్రంలో పెన్సిలుతో నీడ ముక్కను మాత్రం నింపండి. ఏ ఆకారమైనా ఇటో అటో తేల్చేయాలి, మధ్యస్థం వద్దు. ఎండవైపు ఉన్న ముదురు వస్తువు, నీడవైపు ఉన్న లేత వస్తువు దగ్గర కన్ను మోసపోతుంది. నీడలో ఉన్న తెల్లగోడ సాధారణంగా ఎండలో ఉన్న ఎర్రమట్టి కంటే ముదురుగానే ఉంటుంది. నమ్మకం కుదరకపోతే అట్ట కన్నంలోంచి రెండూ చూసుకోండి.

ఈ చిన్న బొమ్మే మీకు ఒప్పందం. తరువాత సూర్యుడు కదిలి నీడలు జరిగినా, మీరు జరపకూడదు. ఒక గంటలో సూర్యుడు 15 డిగ్రీలు కదులుతాడు, నీడల వెంట పరిగెడితే బొమ్మలో రెండు పూటలు కలిసిపోతాయి.

ఆరో మెట్టు: వేయడం

కాగితం తడిపి, తెల్లగా మిగలాల్సినవి వదిలి, మొత్తం మీద ఆ గంట వెలుతురు రంగు పల్చగా పరచండి. పొద్దుటికైతే ఎల్లో ఆకర్‌లో వెర్మిలియన్ చుక్క, పదింటికైతే నీళ్ళలా పల్చటి లెమన్ ఎల్లో. ఇది ఆరగానే నీడ ముక్కంతా ఒకే పూతగా వేయండి, చెట్టు నీడ, గోడ నీడ, మెట్ల నీడ అని విడగొట్టకుండా. ఒక చోట నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు ప్యాలెట్‌లో రంగు మార్చుకుంటూ పోండి: ఆకాశానికి ఎదురుగా ఉన్న చోట అల్ట్రామెరీన్, ఎండ తగిలిన నేలకు దగ్గరైన చోట బర్న్ట్ సియెన్నా. తడి మీదే కలిసిపోతాయి. నీడలో గాలి ఆడినట్టు కనిపించేది ఈ కలయిక వల్లే.

ఏప్రిల్, మేలలో పూత సగం వేసేలోపే అంచు ఆరిపోయి గీత పడుతుంది. నీళ్ళలో రెండు చుక్కలు గ్లిజరిన్ వేస్తే ఆరడం నెమ్మదిస్తుంది. ఎక్కువ వేస్తే అసలు ఆరదు, జిగటగా ఉండిపోతుంది. వానాకాలం ఉక్కలో దీనికి ఎదురు సమస్య. పూత పూతకీ మధ్య కాగితం ఆరనే ఆరదు, టీ తాగి రావడమే మార్గం.

ఆకుల ఆకుపచ్చకు ట్యూబు ఆకుపచ్చ వాడకండి. ఒకే వేపచెట్టులో నాలుగు ఆకుపచ్చలుంటాయి. ఎండ నేరుగా పడే ఆకులు పసుపు వైపు. ఆకాశం వైపు తిరిగి మెరిసే ఆకులు దాదాపు నీలి బూడిద. లోపలి గుబురు ప్రష్యన్ బ్లూ, బర్న్ట్ సియెన్నా కలిసిన ముదురు. వెనక నుంచి ఎండ దూరి వచ్చే ఆకులు అన్నిటికంటే వెలిగే పచ్చ, స్వచ్ఛమైన లెమన్ ఎల్లోలో నీలం చుక్క. చెట్టుకు ప్రాణం పోసేది ఈ చివరిదే, దీనికి చోటు ముందే వదిలిపెట్టుకోవాలి.

నీళ్ళకు ఒక్క మాట. ప్రతిబింబంలో లేత వస్తువులు కాస్త ముదురుగా, ముదురు వస్తువులు కాస్త లేతగా కనిపిస్తాయి. వరద రోజుల్లో నది ఎర్రనీళ్ళతో ఉన్నప్పుడు ప్రతిబింబాలు తగ్గి నీళ్ళ సొంత మట్టిరంగు పైకి వస్తుంది. శీతాకాలం మంచులో దూరపు కొండలు నీలానికి, వేసవి దుమ్ములో తెల్లటి ఆకర్‌కు తిరుగుతాయి. రెండు కాలాల్లోనూ దూరం పోయేకొద్దీ ముదురు తగ్గించండి.

మిరప కల్లం: కష్టమైన పరీక్ష

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటాయి. రైతును అడిగి, గాలి మీ వైపు నుంచి కాయల వైపు వీచేటట్టు కూర్చోండి. లేకపోతే మొదటి పూతకే దగ్గు.

అంత ఎరుపును చూడగానే వెర్మిలియన్ మొత్తం పిండేయాలనిపిస్తుంది. ఆగి చూడండి. ఎండ తగిలిన కాయ వీపు నారింజ వైపు ఉంటుంది. దాని మీద సన్నటి మెరుపు గీత ఎర్రది కాదు, తెల్లది, ఆకాశం ప్రతిఫలించేచోట నీలం పట్టినది. అది కాగితం తెలుపుతోనే వదలాలి, తెల్ల రంగు కలిపితే గులాబీ అవుతుంది. కాయకూ కాయకూ మధ్య సందులు నల్లగా ఉంటాయనుకుంటాం, కానీ అక్కడ వెలుతురు ఎరుపు నుంచి ఎరుపుకు తగిలి తగిలి లోపలికి పోతుంది. అందుకే అవి నీలం కావు, చిక్కటి వెచ్చటి ఎరుపు: క్రిమ్సన్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా. తేజ రకం సన్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. బ్యాడిగి ముడతలు పడి, ముదురు ఎరుపుతో, మెరుపు తక్కువగా ఉంటుంది. మధ్యలో రంగు పోయిన తాలు కాయలు కొన్ని వేస్తే మిగతా ఎరుపు ఇంకా ఎర్రబడుతుంది. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి మార్చి చూపిస్తాయని ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రుల్ 1839లో వివరంగా రాసిన సంగతి ఇదే.

రాశి పక్కన తెల్ల ప్లాస్టిక్ గోతాం ఉంటే దాన్ని తప్పకుండా బొమ్మలో పెట్టండి. రాశి వైపు దాని అడుగు గులాబీగా, పై మడత పసుపుగా, ఎండకు అవతలి నీడ నీలంగా ఉంటుంది. ఒక రైతు నా భుజం మీదుగా చూసి, "తెల్ల గోతానికి నీలం రంగేంటండీ?" అన్నాడు. అట్ట ముక్క చేతికిచ్చి, "ఈ కన్నంలోంచి ఆ నీడ చూడండి బాబాయ్" అన్నాను. కాసేపు చూశాడు. "నీలంగానే ఉందయ్యా" అని, తిరిగి మిరపకాయలను, తన పంచెను, గొడ్లను వరసగా కన్నంలోంచి చూస్తూ కూర్చున్నాడు.

పొద్దు గుంకాక కల్లం దగ్గర ఇంకాసేపు ఉండండి. వెలుతురు తగ్గేకొద్దీ కంటికి ఎరుపు అన్నిటికంటే ముందు నల్లబడుతుంది, నీలాలు ఇంకా తేలిగ్గా కనిపిస్తాయి. పుర్కిన్యే అనే శాస్త్రవేత్త 19వ శతాబ్దంలో గమనించిన ఈ మార్పు మిరప రాశి మీద ఎంత స్పష్టంగా తెలుస్తుందో ఇంకెక్కడా తెలియదు. నీలం టార్పాలిన్ పట్టా వెలుగుతూ ఉంటుంది, దాని మీది కాయలు బొగ్గు కుప్పలా ఉంటాయి.

ఏడో మెట్టు: అదే చోటు, వేర్వేరు గంటలు

ఫ్రెంచి చిత్రకారుడు మోనే 1890-91లో గడ్డివాములను వరసగా వేసేటప్పుడు ఒకేసారి చాలా కాన్వాసులు దగ్గర పెట్టుకుని, వెలుతురు మారగానే కాన్వాసు మార్చేవాడు. మనం అంత సామాను మోయనక్కర్లేదు. ఒక ముక్క కాగితాన్ని మాస్కింగ్ టేప్‌తో నాలుగు గళ్ళు చేయండి. ఒకే ఘాట్, ఒకే మెట్లు, నాలుగు వేళలు. గడికి ఇరవై నిమిషాలు మించొద్దు. వివరాలు వేసే తీరిక ఉండకూడదు, అదే దీని ఉపయోగం.

ఇంటికొచ్చాక రాత్రి ట్యూబ్‌లైటు కింద బొమ్మను సరిదిద్దడానికి కూర్చోకండి. లైటును బట్టి పసుపులు, ఎరుపులు మారిపోతాయి, మీరు లేని తప్పును దిద్దుతారు. మర్నాడు పొద్దున నేరుగా ఎండ పడని కిటికీ దగ్గర పెట్టి చూడండి. దిద్దాల్సింది ఉన్నా ఆ కాగితం మీద దిద్దకుండా, వెనక వైపు పెన్సిలుతో తేదీ, గంట, కూర్చున్న దిక్కు, ఆకాశం ఎలా ఉంది, నీడకు ఏ రెండు రంగులు కలిపారు అన్నవి రాసి పెట్టండి. వచ్చే ఏడాది అదే నెలలో అదే ఘాట్‌కు వెళ్ళేటప్పుడు ఆ కాగితమే సంచిలో ముందు పెట్టుకోవాలి.